ఈల మోగితే ఆగాలా, కదలవచ్చా? బాలికల లాక్రోస్ నియమాలపై ఒక వ్యాయామ ఉపాధ్యాయినికి సమాధానం

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా పూర్వ విద్యార్థి ఒకరు అమెరికా నుంచి వస్తూ పన్నెండు లాక్రోస్ కర్రలు, కొన్ని బంతులు తెచ్చి ఇచ్చారు. చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి, గోల్ చేసే ఆట ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు ఇష్టంగా నేర్చుకుంటున్నారు. వీరిలో ఎక్కువ మంది కబడ్డీ ఆడేవారే. విజయనగరం వైపు పనిచేసే నా స్నేహితురాలు కూడా ఒక జట్టును తయారు చేశారు. రెండు జట్లకూ ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టాలనుకున్నాం గాని, నియమాల దగ్గరే ఆగిపోయాం. నేను చూసిన వీడియోలో జట్టుకు పన్నెండు మంది, ఆమె చూసినదానిలో పది మంది, పిల్లలు చూసినదానిలో ఆరుగురే ఉన్నారు. ఒకదానిలో ఈల మోగగానే ఎక్కడివారు అక్కడే నిలబడిపోతున్నారు, మరొకదానిలో ఎవరూ ఆగడం లేదు. గోల్ ముందు ఊరికే నిలబడిన అమ్మాయికి ఫౌల్ ఎందుకిచ్చారో మాకు అర్థం కాలేదు. కొందరు కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకున్నారు, కొందరు పెట్టుకోలేదు. వీటిలో ఏది సరైన నియమం? మా మైదానం 60 మీటర్ల పొడవు కూడా ఉండదు. పైగా మగపిల్లలు కూడా ఈ కర్రలతోనే ఆడతామంటున్నారు. ఆడనివ్వవచ్చా?

సమాధానం: టీచరు గారూ, మీ ఇద్దరిలో ఎవరూ పొరబడలేదు. మీరు చూసిన ప్రతి వీడియోలోనూ ఆట నియమం ప్రకారమే సాగింది. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కొక్క నియమావళి ప్రకారం, అది కూడా ఆ ఏడాది అమలులో ఉన్న నియమావళి ప్రకారం సాగింది. టీవీ లీగ్‌లో చూసిన కబడ్డీ నియమం పాఠశాల పోటీకి వర్తిస్తుందా లేదా అని పిల్లలు గొడవపడడం మీకు కొత్తేమీ కాదు. మహిళల లాక్రోస్‌లో ఆ గొడవ ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ పోటీలకు వరల్డ్ లాక్రోస్ అనే సమాఖ్య నియమాలు రాస్తుంది. అమెరికా కళాశాలల పోటీలకు అక్కడి కళాశాల క్రీడల సంఘం ఎన్‌సీఏఏ వేరుగా రాసుకుంటుంది. అక్కడి పాఠశాల బాలికలకు మరొక నియమావళి ఉంది. మనకు ఫోన్‌లో కనిపించే వీడియోల్లో అధిక భాగం అమెరికా కళాశాలలవి కావడంతో, వాటిలో ఉన్నదే ప్రపంచమంతటా నియమమని అనుకోవడం సహజం. కాబట్టి ‘ఏది సరైనది’ అనే ప్రశ్నను పక్కన పెట్టి, ‘మన మ్యాచ్‌కు ఏ నియమావళి, ఏ ఏడాదిది’ అని మీరిద్దరూ నిర్ణయించుకుంటే సగం చిక్కు తీరిపోతుంది. మిగిలిన సగం పిల్లల భద్రతకు సంబంధించినది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఇన్ని మార్పులు ఎందుకు వచ్చాయో తెలియాలంటే, ఈ ఆట ఆడపిల్లల చేతికి ఎలా వచ్చిందో చూడాలి. ఉత్తర అమెరికా ఆదివాసీ జాతులవారు ఎంతోకాలంగా ఆడుతూ వచ్చిన లాక్రోస్‌ను స్కాట్లండ్‌లోని సెయింట్ లెనార్డ్స్ బాలికల పాఠశాలలో 1890లో ఆడించారు. మహిళల లాక్రోస్ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే చెబుతారు. పురుషుల ఆట హెల్మెట్లు, భుజకవచాలతో, ఒకరినొకరు ఢీకొట్టుకునే దారిలో వెళ్లగా, మహిళల ఆట శరీరానికి శరీరం తగలకుండా, దాదాపు ఏ కవచమూ లేకుండా ఆడే ఆటగా పెరిగింది. మైదానానికి గట్టి హద్దు గీతలు కూడా చాలాకాలం లేవు. అమెరికాలో సైతం అవి ఈ శతాబ్దపు తొలి దశకంలోనే వచ్చాయి. కవచం లేదు కాబట్టి రక్షణ బాధ్యతను నియమాలు మోయవలసి వచ్చింది. మీకు వింతగా తోచిన ఫౌల్‌కూ, ఈల మోగగానే నిలబడడానికీ మూలం ఇదే. ఆ తరువాత ఆట వేగం పెంచాలని, చూసేవారికి సులువుగా అర్థమయ్యేలా చేయాలని ప్రయత్నాలు మొదలయ్యాయి. 2008లో పురుషుల, మహిళల అంతర్జాతీయ సమాఖ్యలు ఒకటి కావడంతో ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది. ఇటీవలి మార్పులలో చాలా వరకు వేగం కోసం వచ్చినవే. భద్రత కోసం పెట్టిన పాత నియమాలలో ముఖ్యమైనవి మాత్రం అలాగే ఉన్నాయి. నా దృష్టిలో మీ మ్యాచ్‌కు కావలసిన ముఖ్యమైన తేడా ఇదే: వేగం కోసం వచ్చిన నియమాలను మీ వీలును బట్టి మార్చుకోవచ్చు గాని, భద్రత కోసం ఉన్నవాటిని ఇద్దరు ఉపాధ్యాయులు మాట్లాడుకుని సడలించడానికి వీలులేదు.

ఈల సంగతి చూద్దాం. పాత పద్ధతిలో రిఫరీ ఈల ఊదగానే మైదానంలోని క్రీడాకారిణులందరూ ఎక్కడ ఉన్నవారు అక్కడే ఆగిపోవాలి, మళ్లీ ఈల మోగేదాకా అడుగు కదపకూడదు. ఫౌల్ చేసిన జట్టు, ఆట ఆగిన ఆ కాస్త సమయంలో తన స్థానాలు సర్దుకుని లాభపడకూడదన్నది దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే గాని, ఆట పదే పదే ఆగిపోయేది. ఎవరు ఒక అడుగు ముందుకు వేశారో చూడడంతోనే రిఫరీకి సరిపోయేది. అమెరికా కళాశాలల పోటీల్లో 2018 సీజన్ నుంచి దీనిని తీసివేసి, ఈల తరువాత కూడా కదలడానికి అనుమతి ఇచ్చారు. ఫౌల్‌కు గురైన అమ్మాయి బంతితో ఒక్క క్షణం ఆగి, రెండో ఈల కోసం ఎదురుచూడకుండా తానే ఆట మొదలుపెట్టవచ్చు. ఫౌల్ చేసిన అమ్మాయి మాత్రం ఆమెకు 4 మీటర్ల దూరం ఇవ్వాలి. అయితే గోల్ ముందు గీసిన 8 మీటర్ల వంపు లోపల పెద్ద ఫౌల్ జరిగితే ఈ స్వేచ్ఛ వర్తించదు. అక్కడ అందరూ పక్కకు తప్పుకున్నాక, రిఫరీ ఈల ఊదిన తరువాతే ఆట మొదలవుతుంది. మీరు చూసిన రెండు వీడియోలలో ఒకటి ఈ మార్పుకు ముందుది, మరొకటి తరువాతది అయి ఉండాలి.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేనైతే రెండింటినీ కలిపి వాడమంటాను. మైదానం మధ్యలో ఫౌల్ జరిగితే కొత్త పద్ధతి, అంటే కదలవచ్చు, తానే ఆట మొదలుపెట్టవచ్చు. గోల్‌కు దగ్గరలో జరిగితే అందరూ ఆగాలి, ఈల మోగాకే కదలాలి. ఆటను అదుపులో పెట్టే అనుభవం ఉన్న రిఫరీ మీకు దొరకరు. గోల్ ముందు గుంపులో నాలుగు కర్రలు ఒకేసారి లేచినప్పుడు అందరినీ ఒక్క ఈలతో ఆపగలగడం మీకు పెద్ద అండ.

ఎంతమంది ఆడాలన్న ప్రశ్నకు వస్తే, పన్నెండు మంది అమెరికా కళాశాలల సంఖ్య, గోల్‌కీపర్‌తో కలిపి. వరల్డ్ లాక్రోస్ తన పూర్తి మైదానపు మహిళల ఆటను పది మందికి కుదించింది. 2022లో అమెరికాలోని టౌసన్‌లో జరిగిన మహిళల ప్రపంచ పోటీలు అలాగే జరిగాయి. ఆరుగురితో ఆడేది సిక్సెస్ అనే చిన్న రూపం. దానిని వరల్డ్ లాక్రోస్ 2021లో తీసుకువచ్చింది. గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు మైదానంలో, మొత్తం జట్టులో పన్నెండు మంది ఉంటారు. 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో ఈ రూపమే ఆడారు. 2023 అక్టోబరులో మన ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో, క్రికెట్‌తో పాటు లాక్రోస్‌ను కూడా 2028 లాస్ ఏంజిలెస్ క్రీడల్లో చేర్చడానికి ఆమోదం లభించింది. అక్కడ ఆడబోయేది కూడా ఈ సిక్సెస్ రూపమే. 1904లోనూ 1908లోనూ లాక్రోస్ పతకాల క్రీడగా ఒలింపిక్స్‌లో ఉంది గాని, అవి పురుషుల పోటీలు. మహిళలు పతకం కోసం లాక్రోస్ ఆడడం 2028లోనే మొదలవుతుంది.

ఈ మాట మీ పిల్లలకు చెప్పండి. ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిన సంగతి మీ జిల్లాలో తెలియని ఇల్లు ఉండదు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే అన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. ఒక క్రీడకు తలుపు తెరుచుకునే వేళకు సిద్ధంగా ఉన్నవారికి అవకాశం వస్తుంది. అలాగని మీ తొమ్మిదో తరగతి పిల్లలకు లాస్ ఏంజిలెస్ ఆశ పెట్టకండి. అక్కడికి వెళ్లేవి ఆరు మహిళల జట్లే. కర్ర పట్టి కొన్ని నెలలైన పిల్లలకు ఆ మాట భారమే తప్ప బలం కాదు.

మీ మ్యాచ్‌కు సిక్సెస్ రూపాన్నే ఎంచుకోవాలని నా సలహా. మీ దగ్గర పన్నెండు కర్రలున్నాయి. ఆరుగురు చొప్పున రెండు జట్లు ఆడుకుని సాధన చేయడానికి అవి సరిగ్గా సరిపోతాయి. సిక్సెస్ మైదానం 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు ఉంటుంది. మీ మైదానం 60 మీటర్లు కూడా లేదన్నారు కాబట్టి పొడవును 50కి, వెడల్పును 26కు తగ్గించి సున్నంతో గీయించండి. పొడవు మాత్రమే తగ్గించి వెడల్పు అలాగే ఉంచితే ఆట పక్కలకు సాగిపోతుంది, వెడల్పు మరీ తగ్గిస్తే పిల్లలు ఒకరి మీద ఒకరు పడతారు. అసలు కొలతకు దగ్గరి నిష్పత్తి ఉండడమే మంచిది. గోల్ 6 అడుగుల చదరం. రెండు గోల్‌పోస్టులనూ ఉత్తర దక్షిణాలుగా నిలబెట్టండి. తూర్పు పడమరలుగా నిలబెడితే ఉదయం మ్యాచ్‌లో ఒక గోల్‌కీపర్ కళ్లలోకి సూర్యుడు నేరుగా కొడతాడు, ఎత్తు నుంచి వచ్చే బంతి ఆమెకు కనిపించదు.

సమయం నాలుగు భాగాలు, ఒక్కొక్కటి 8 నిమిషాలు, మొత్తం 32 నిమిషాలు. మహిళల కబడ్డీ మ్యాచ్ విరామం తీసివేస్తే 30 నిమిషాలే కాబట్టి మీ పిల్లల ఊపిరికి ఇది అలవాటైన నిడివే. సిక్సెస్‌లో బంతి చేతికి వచ్చిన జట్టు 30 సెకన్లలోగా గోల్‌కు ప్రయత్నించాలి. అమెరికా కళాశాలల అగ్రశ్రేణి అయిన డివిజన్ వన్ మహిళల పోటీల్లో 2017 నుంచి ఇలాంటి గడియారమే ఉంది గాని, దాని నిడివి 90 సెకన్లు. వీడియోల్లో ఒకదానిలో గడియారం ఒక రకంగా, మరొకదానిలో ఇంకో రకంగా నడుస్తూ కనిపిస్తే కారణం అదే. అసలు గడియారమే లేని మ్యాచ్‌కు ఈ నియమం ఎలా పెట్టాలని మీరు అడగవచ్చు. మీకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. కబడ్డీలో ఒక రైడ్ నిడివి కూడా 30 సెకన్లే. ఆ కాలం ఎంతో మీ పిల్లలకు గడియారం చూడకుండానే తెలుసు. గీత పక్కన ఒక అమ్మాయిని నిలబెట్టి, చివరి పది సెకన్లను గట్టిగా లెక్కపెట్టిస్తే చాలు. మొదటి నాలుగైదు సాధనల వరకు ఇది కూడా వద్దు. బంతిని పట్టుకోవడమే కష్టమైన దశలో గడియారం పెడితే, కంగారులో కర్రలు గాలిలోకి లేస్తాయి.

ప్రతి భాగం మొదట్లో డ్రాతో ఆట మొదలవుతుంది. ఇద్దరు అమ్మాయిలు మైదానం మధ్యలో నిలబడి, కర్రల వెనుక భాగాలను ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, మధ్యలో బంతిని నొక్కి ఉంచి, ఈల మోగగానే పైకి లాగుతారు. బంతి వారి తలల కన్నా పైకి లేవాలి. పూర్తి మైదానపు ఆటలో ప్రతి గోల్ తరువాత కూడా డ్రా ఉంటుంది. సిక్సెస్‌లో మాత్రం గోల్ పడగానే గోల్‌కీపర్ వలలోంచి బంతి తీసి వెంటనే ఆట కొనసాగిస్తుంది. ఆట వేగానికి సిక్సెస్‌లో వచ్చిన మార్పులన్నిటిలోనూ నాకు ఇదే ఎక్కువ నచ్చింది. డ్రా బాగా వేసే ఒక్క అమ్మాయి ఉన్న జట్టుకే మళ్లీ మళ్లీ బంతి దక్కడం దీనితో తగ్గింది.

ఇప్పుడు మీకు అర్థం కాని ఆ ఫౌల్ విషయానికి వద్దాం. మీరు రాసిన ప్రశ్నలన్నిటిలోనూ నేను ముఖ్యమైనదిగా భావించేది ఇదే. గోల్ ముందు నిలబడడం తప్పు కాదు. బంతి పట్టుకుని గోల్ వైపు చూస్తున్న అమ్మాయికీ గోల్ చుట్టూ ఉన్న వలయానికీ మధ్య ఒక ఖాళీ ప్రదేశం ఉంటుంది. చేతిలోని టార్చిలైటు వెలుగు ముందుకు పోయేకొద్దీ ఎలా విచ్చుకుంటుందో, ఆ ప్రదేశం కూడా బంతి దగ్గర సన్నగా మొదలై గోల్ వలయం రెండు అంచుల దాకా విచ్చుకుంటుంది. రక్షించే జట్టు అమ్మాయి ఎవరినీ దగ్గరగా కాపలా కాయకుండా, అంటే ప్రత్యర్థికి ఒక కర్ర పొడవు దూరంలో లేకుండా, ఆ వెలుగులో నిలబడితే అది ఫౌల్. దానిని షూటింగ్ స్పేస్ ఫౌల్ అంటారు. ఎందుకంటే ఆమె తలకు కవచం లేదు. ఆ దారిలో ఆమె ఉన్నంతసేపు, దాడి చేసే అమ్మాయి బంతి విసిరితే ఆమె ముఖానికి తగులుతుంది, విసరకపోతే న్యాయంగా వచ్చిన అవకాశం పోతుంది. తన శరీరాన్నే అడ్డంగా పెట్టి గోల్ ఆపే ప్రయత్నాన్ని ఈ నియమం ముందే తుంచేస్తుంది.

ఈ నియమంలో రెండు వివరణలు మీరు పిల్లలకు ముందే చెప్పాలి. ఒకటి, ప్రత్యర్థికి కర్ర పొడవు దూరంలో ఉండి కాపలా కాస్తున్న అమ్మాయి ఆ దారిలో ఉన్నా ఈ ఫౌల్ వర్తించదు. ఆమె తన పని తాను చేస్తున్నది. రెండోది, ఎదురుగా అడ్డం ఉందని తెలిసి కూడా బంతిని బలంగా విసిరిన అమ్మాయి తప్పించుకోలేదు. ప్రమాదకరమైన షాట్ విసరడం ఆమె వైపు నుంచి ఫౌల్. ఈ రెండో మాటను పిల్లలకు తొలిరోజే చెప్పకపోతే, ‘ఆమె అడ్డం వచ్చింది కాబట్టి తగిలింది’ అనే సమాధానం వారికి అలవాటైపోతుంది. దీనికి దగ్గరి చుట్టమే మూడు సెకన్ల నియమం: పూర్తి మైదానపు ఆటలో 8 మీటర్ల వంపు లోపల, ఎవరినీ కర్ర పొడవు దూరంలో కాపలా కాయకుండా, రక్షించే అమ్మాయి మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మీరు చూసిన వీడియోలో ఊరికే నిలబడిన అమ్మాయి ఈ రెండింటిలో ఒకదాని కింద దొరికి ఉంటుంది. మీ మ్యాచ్‌లో ఆడేది సిక్సెస్ అయినా, ఈ రెండు నియమాలను పెట్టుకోండి. గోల్ ముందు 8 మీటర్ల దూరంలో ఒక వంపు గీత గీయించి, అది రక్షణ గీత అని పిల్లలకు చెప్పండి.

కర్రను కర్రతో కొట్టి బంతిని రాల్చడం ఈ ఆటలో న్యాయమే గాని, తల చుట్టూ దాదాపు 18 సెంటీమీటర్ల మేర కంటికి కనిపించని ఒక గోళం ఉందని నియమం చెబుతుంది. ఆ గోళంలోకి ప్రత్యర్థి కర్ర రాకూడదు. కర్ర దెబ్బ ఎదుటి అమ్మాయి శరీరం వైపు గాని, ముఖం వైపు గాని పోకూడదు, తలకు దూరంగా పోవాలి. ఒక క్రీడాకారిణి తన కర్రను తన ముఖానికి ఆనించి పట్టుకుని, ప్రత్యర్థి కొట్టలేకుండా దాచుకోవడం కూడా ఫౌలే. మీ పిల్లలు నేర్చుకునే దశలో ఉన్నారు కాబట్టి, అమెరికాలో చిన్న వయసు బాలికలకు పెట్టే పరిమితినే మీరూ పెట్టండి: బంతి ఉన్న కర్ర భుజం కన్నా కింద ఉన్నప్పుడే, కిందికి, శరీరానికి దూరంగా కొట్టాలి. భుజం పైన ఉంటే ముట్టకూడదు.

కబడ్డీ నుంచి వచ్చిన పిల్లలతో అసలు చిక్కు కర్ర దెబ్బలతో రాదు, భుజాలతోనూ నడుముతోనూ వస్తుంది. కబడ్డీలో వదలకుండా పట్టుకోవడమే నేర్పు. మీరే నేర్పారు. ఇక్కడ ఎదుటి అమ్మాయి నడుము పట్టుకోవడం, తుంటితో నెట్టడం, చేయి చాచి దారికి అడ్డుపెట్టడం అన్నీ ఫౌళ్లే. బంతి పట్టుకున్న అమ్మాయి కూడా ఒక చేతిని కర్ర నుంచి తీసి ప్రత్యర్థిని తోసివేయకూడదు. చెడు ఉద్దేశంతో కాదు, ఒంటికి పట్టిన అలవాటుతో మీ పిల్లలు ఈ పొరపాట్లు చేస్తారు. ఆ అలవాటును మాటలతో మాన్పించలేరు. వారానికి ఒక రోజు చేతిలో కర్ర లేకుండా, వీపు వెనక చేతులు కట్టుకుని, కాళ్లతోనే ఎదుటి అమ్మాయి దారి మూసే సాధన చేయించండి. కబడ్డీలో మూలకు నెట్టుకుపోయే అడుగులు వారికి వచ్చు. ఆ అడుగులు ఇక్కడా పనికొస్తాయి, చేతులే పనికిరావు.

కళ్లద్దాల గురించి అడిగారు. అమెరికాలో బాలికల, మహిళల పోటీల్లో 2005 సీజన్ నుంచి కళ్లకు ప్రత్యేక రక్షణ అద్దాలు తప్పనిసరి. అంతర్జాతీయ పోటీల్లో మాత్రం అవి లేకుండా ఆడే క్రీడాకారిణులు కనిపిస్తారు. తలకు మెత్తని కవచం విషయంలో వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఫ్లోరిడా రాష్ట్రం హైస్కూల్ బాలికలకు దానిని తప్పనిసరి చేసింది గాని, కవచం ఉందన్న ధైర్యంతో ఆట మొరటుగా మారుతుందని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదనలో మీరు పక్షం వహించనక్కరలేదు. మీ బంతిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది గట్టి రబ్బరు బంతి, బరువు దాదాపు 145 గ్రాములు. మహిళల క్రికెట్ బంతి బరువు కూడా అంతే, అయితే లాక్రోస్ బంతి చుట్టుకొలత దానికన్నా తక్కువ. కాబట్టి పాఠశాలలో ఉన్న క్రికెట్ హెల్మెట్‌ను గోల్‌కీపర్‌కు పెట్టి సరిపెట్టవచ్చనుకోకండి. ఆ హెల్మెట్ ముందుండే కమ్మీల మధ్య ఖాళీ క్రికెట్ బంతిని ఆపడానికి చేసినది, అంతకన్నా చిన్నదైన ఈ బంతిని ఆపుతుందన్న భరోసా లేదు.

గోల్‌కీపర్‌కు లాక్రోస్ హెల్మెట్, గొంతు కవచం, ఛాతీ కవచం, మిగిలిన పిల్లలకు రక్షణ అద్దాలు, మౌత్‌గార్డులు సమకూరేదాకా ఆ రబ్బరు బంతిని మ్యాచ్‌లో వాడకండి. టెన్నిస్ బంతి వాడండి. పరిమాణంలో అది లాక్రోస్ బంతికి చాలా దగ్గర, వలలో సరిగ్గా కూర్చుంటుంది, బరువు మాత్రం సగం కూడా ఉండదు. తేలికైనది కాబట్టి గెంతి బయటపడుతుందని పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. బంతి మెత్తనైనా కర్ర గట్టిదే కాబట్టి రక్షణ అద్దాల కోసం ప్రయత్నం మానవద్దు. మామూలు చూపు కళ్లద్దాలు రక్షణ కావు, పగిలితే అవే ప్రమాదం. చూపు అద్దాలు పెట్టుకునే అమ్మాయి ఉంటే, ఆమె రక్షణ అద్దాలు వచ్చేదాకా మ్యాచ్ ఆడకుండా సాధనకే పరిమితం కావాలి. ఆమెకు ఇది కష్టంగా ఉంటుంది. గడియారం లెక్కపెట్టే పని ఆమెకు ఇస్తే, ఆట నుంచి వెలివేసినట్టు అనిపించదు.

కర్రల సంగతి క్లుప్తంగా చెబుతాను. మహిళల కర్ర పొడవు 90 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, గోల్‌కీపర్ కర్ర అంతకన్నా పొడవు ఉండవచ్చు. వల లోతును మ్యాచ్ ముందు ప్రతి కర్రకూ చూడాలి. బంతిని వలలో పెట్టి కర్ర తలను కంటి ఎత్తుకు తెచ్చి పక్క నుంచి చూస్తే, బంతి పై అంచు పక్కగోడ పైన కనిపించాలి. కనిపించకపోతే ఆ కర్ర చెల్లదు, తాళ్లు బిగించాలి. కానుకగా వచ్చిన కర్రల్లో పురుషుల కర్రలు కలిసిపోయి ఉండే అవకాశం ఉంది కాబట్టి ఈ పరీక్ష మీరు వెంటనే చేయండి. పురుషుల కర్రలో వల లోతుగా ఉంటుంది, బంతి లోపలికి దిగిపోతుంది.

ఇక మ్యాచ్ విషయానికి వస్తే, మీ స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుకుని సరిపెట్టుకోకండి. ఒక కాగితం మీద రాసుకోండి, ఇద్దరూ సంతకం చేయండి, రెండు జట్ల పిల్లలకూ చదివి వినిపించండి. అందులో మొదటి వాక్యం ‘ఈ మ్యాచ్ వరల్డ్ లాక్రోస్ వారి సిక్సెస్ మహిళల నియమావళి ప్రకారం, కింది మార్పులతో జరుగుతుంది’ అని ఉండాలి. ఆ నియమావళిని సమాఖ్య తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. ఏ ఏడాది ప్రతిని దించుకున్నారో కూడా ఆ కాగితం మీద రాయండి, రెండు పాఠశాలల్లోనూ అదే ప్రతి ఉండాలి. ఆ కింద మీ మార్పులు: మైదానం కొలత, టెన్నిస్ బంతి, భుజం కింద మాత్రమే కర్ర దెబ్బ, గోల్ దగ్గర ఈల మోగగానే ఆగడం, 8 మీటర్ల గీత. ఫౌల్‌కు శిక్ష ఏమిటో కూడా స్పష్టంగా రాయండి. మామూలు ఫౌల్‌కు బంతి అవతలి జట్టుకు, ఫౌల్ చేసిన అమ్మాయి 4 మీటర్ల దూరంలోకి వెళ్లాలి. తలకు గాని, శరీరానికి గాని ప్రమాదం కలిగించిన ఫౌల్‌కు ఆ అమ్మాయి రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఆమె జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. రెండోసారి చేస్తే ఆ మ్యాచ్‌లో ఇక ఆడకూడదు. ఇది మీ పిల్లల వయసును బట్టి నేను సూచిస్తున్న శిక్షే గాని, ఏ పుస్తకంలోంచి దించినదీ కాదు. అందుకే కాగితం మీద ఉండాలంటున్నాను.

ఈల మీ ఇద్దరి చేతుల్లోనూ వద్దు. తన జట్టు పిల్ల ఏడుస్తుంటే రిఫరీగా నిలబడడం ఏ టీచరుకైనా కష్టమే. హాకీ గాని, ఫుట్‌బాల్ గాని ఆడించిన అనుభవం ఉన్న మూడో పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయులను పిలిచి, ఈ కాగితం వారం ముందే వారికి ఇవ్వండి. షూటింగ్ స్పేస్ ఒక్కటి మాత్రం మైదానంలో నలుగురు పిల్లలను నిలబెట్టి వారికి చూపించండి. చదివితే అర్థం కాదు. మ్యాచ్ మధ్యలో ఏ నియమం దగ్గర సందేహం వచ్చినా రిఫరీ మాటే చెల్లాలి, వాదనను మ్యాచ్ అయ్యాక కాగితం ముందు పెట్టుకుని చేసుకోవచ్చు. రేపు ఎప్పుడైనా మీ జట్టు ఎవరో నిర్వహించే పోటీకి వెళ్లవలసి వస్తే, ముందుగా వారి దగ్గర నుంచి నియమావళి పేరు, సంవత్సరం లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. మీ మార్పులు అక్కడ చెల్లవు.

మగపిల్లల మాట. ఈ కర్రలతో, ఈ నియమాలతో, టెన్నిస్ బంతితో వారు వేరుగా ఆడుకోవచ్చు, అభ్యంతరం లేదు. వీడియోల్లో చూసిన పురుషుల లాక్రోస్‌ను, అంటే భుజంతో ఢీకొట్టే ఆటను మాత్రం హెల్మెట్లు, చేతి కవచాలు లేకుండా ఆడనివ్వకండి. రెండు జట్లను కలిపి ఆడించడం కూడా ఇప్పట్లో వద్దు. పన్నెండే కర్రలున్నాయి కాబట్టి వారానికి రెండు రోజులు మగపిల్లలకు కేటాయించి, మిగిలిన రోజులు ఆడపిల్లలకే ఉంచండి. కర్రలు వచ్చింది ఎవరి కోసమో ముందే చెప్పి ఉంచకపోతే, మ్యాచ్ దగ్గరపడిన వారంలో సాధనకు అవి ఆడపిల్లల చేతికి దొరకవు.